తెర మీద చిలకపచ్చ, కాగితం మీద పాచిపచ్చ

ఫోన్‌లో చూసినప్పుడు శుభలేఖ చిలకపచ్చ అంచుతో మెరిసిపోతుంటుంది. ప్రెస్సు నుంచి కట్టలు ఇంటికొచ్చాక చూస్తే అదే అంచు పాచి పట్టినట్టు ఉంటుంది. చవక ఇంకు వాడారని ప్రెస్సువాళ్లను తిట్టుకుంటాం. చాలాసార్లు వాళ్ల తప్పేమీ ఉండదు. తెర చూపించిన ఆ పచ్చ మామూలు నాలుగు ఇంకులతో కాగితం మీదకి రాదు.

ఫోన్ తెర కాంతిని వెదజల్లుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిసేకొద్దీ వెలుగు పెరుగుతుంది. మూడూ నిండుగా కలిస్తే తెలుపు. కాగితానికి సొంత వెలుగు లేదు. దాని మీద పడిన కాంతిలో కొంత ఇంకు మింగేయగా మిగిలిందే మన కంటికి చేరుతుంది. సయాన్ ఇంకు ఎరుపును మింగుతుంది, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని. పచ్చ కావాలంటే సయాన్, పసుపు రెండూ పడాలి. రెండూ తమ వంతు మింగాక మిగిలే కాంతి తెర కాంతితో ఎక్కడ పోటీపడుతుంది? ఇక మూడు ఇంకులూ కలిస్తే నలుపు రావాలి గానీ, నిజానికి వచ్చేది మట్టిరంగు. అందుకే నలుపును నాలుగో ఇంకుగా విడిగా వేస్తారు. డీటీపీ వాళ్లు రోజూ అనే 'సీఎంవైకే' ఈ నాలుగే.

మెజెంటా, పసుపు నూటికి నూరుపాళ్లు కలిపితే కుంకుమ ఎరుపు బాగానే వస్తుంది. దెబ్బతినేవి చిలకపచ్చ, రేడియం రంగులు. తెర మీది చిక్కటి నీలమైతే వంకాయరంగుకు తిరుగుతుంది. కాబట్టి రంగులు ఖాయం చేసేముందే డిజైన్‌ను సీఎంవైకేలోకి మార్చి చూపించమనండి. వచ్చే నిరుత్సాహమేదో అప్పుడే వస్తుంది, డబ్బు పోదు.

ఆఫ్‌సెట్ యంత్రానికి ఇంకో పరిమితి ఉంది. ఒకచోట ఇంకు వేయడం, వేయకపోవడం, ఈ రెండే దానికి తెలుసు. లేతగా వేయడం తెలియదు. లేత గులాబీ కావాలంటే మెజెంటా చుక్కల్ని చిన్నవి చేసి మధ్యలో తెల్లకాగితం వదులుతారు. ఆదివారం అనుబంధంలో ఏ సినిమా తార ఫోటోనైనా భూతద్దం కింద పెట్టి చూడండి. చెంప మాయమై చుక్కలు మిగులుతాయి. నాలుగు రంగుల వరసల్నీ ఒకే కోణంలో వేస్తే అవి కలహించి అలల్లాంటి చారలు పుడతాయి. అందుకని సాధారణంగా నలుపును 45 డిగ్రీలకు, మెజెంటాను 75కు, సయాన్‌ను 15కు తిప్పుతారు. కంటికి అంతగా ఆనని పసుపును 0 దగ్గర వదిలేస్తారు.

ఫోటోకి ప్రెస్సువాళ్లు అడిగే 300 డీపీఐ లెక్క, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలన్నది, ఈ చుక్కల నుంచి పుట్టిందే. ఆర్ట్ పేపర్ మీద అంగుళానికి 150 చుక్కల వరసలు వేయడం మామూలు. ఫోటోలో అంగుళానికి దానికి రెట్టింపు పిక్సెల్స్ ఉంటే వివరం చెడదు. 1600 పిక్సెల్స్ వెడల్పున్న ఫోటో ఈ లెక్కన దాదాపు 5.3 అంగుళాల వరకే నిలుస్తుంది. ఏ4 పేజీ నిండాలంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెల్స్ కావాలి. సాఫ్ట్‌వేర్‌లో సాగదీస్తే కొత్త వివరం పుట్టుకురాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఉన్న వివరమూ తరుగుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి మాత్రం ఇంత అక్కర్లేదు.

కాగితం మీద పడ్డ చుక్క కాస్త పాకుతుంది. న్యూస్‌ప్రింట్ మీద మరీను. తెలుగు అక్షరాలకు ఇది అసలైన గండం. 'ప'కు, 'వ'కు తేడా తలకట్టు దగ్గరున్న సన్నని సందే కదా! చిన్న సైజు అక్షరంలో ఇంకు ఆ సందును పూడ్చేస్తే 'పని' కాస్తా 'వని' అవుతుంది. నాలుగు రంగుల నేల మీద తెల్లని అక్షరాలు వదిలితే ముప్పు ఇంకా ఎక్కువ. ప్రతి రంగుకూ వేరే ప్లేటు. వాటిలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా ఒత్తులు, సున్నాలు మూసుకుపోతాయి. ప్రెస్సులో 'రిజిస్ట్రేషన్ పోయింది' అనేది దీన్నే. చిన్న అక్షరాలను ఒక్క నలుపు ఇంకులోనే పెట్టడం క్షేమం. నలుపును నాలుగు రంగుల మిశ్రమంగా వదిలేసిన ఫైళ్లు బోలెడు వస్తుంటాయి, వాటిలోని చిన్న అక్షరాలు అచ్చులో మసకబారే ముప్పు ఎక్కువ.

అచ్చయ్యాక కటింగ్. కత్తి ఒక్క కాగితాన్ని కాదు, మందపాటి దొంతరను కోస్తుంది, కాస్త అటూ ఇటూ జరగడం సహజం. రంగు సరిగ్గా అంచు దగ్గరే ఆగితే అక్కడ తెల్లగీత పడుతుంది. అందుకే రంగును నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగిస్తారు. అదే బ్లీడ్. అదే కారణంగా పేర్లూ, ముహూర్తమూ అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు.

తెలుగులో ఫాంట్ల తంటా ఇంకొకటి. మన డీటీపీల్లో చాలాకాలంగా నడుస్తున్న అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చుకున్నవి. ప్రెస్సు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే 'శ్రీరస్తు' ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. అందుకని పంపేముందు అక్షరాలను కర్వ్స్‌లోకి మారుస్తారు, అంటే అక్షరం బొమ్మైపోతుంది. తర్వాత దాన్ని అక్షరంగా దిద్దలేం. మార్చని ఫైల్ ఒకటి దాచుకోవాలి.

కాబట్టి ఆర్డర్ ఖాయం చేసేముందు కాగితం మీద ప్రూఫ్ అడగండి. పేర్లు, తేదీ, ఫోన్ నంబర్లు ఇంట్లో ఇంకొకరితో కూడా చదివించి, అప్పుడు సంతకం పెట్టండి. ప్లేట్లు చేశాక ఒక్క ఒత్తు మార్చాలన్నా కొత్త ప్లేటు ఖర్చు మీ మీదే పడుతుంది.