కరువుసీమలో మనోవ్యాధి పరిచర్య

గుంతకల్లు స్టేషనులో బండి మారి పడమరగా పోయినచో కొంతసేపటికే బళ్ళారి వచ్చును. 1882వ సంవత్సరము వరకు అనంతపురము బళ్ళారి జిల్లాలోని భాగమే. నేటికిని బళ్ళారి వీధులలో కన్నడముతోపాటు తెలుగు వినబడుచునే యుండును. మనోవ్యాధుల చికిత్సాచరిత్రలో ఈ కరువునేలకు గౌరవస్థానమొకటి కలదను సంగతి మన సోదరీమణులలో పెక్కుమందికి తెలియకపోవచ్చును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు 1980 దశకమధ్యమున బళ్ళారి జిల్లాను ఎన్నుకొని యొక క్రొత్త ప్రయత్నము సాగించిరి. వారు అచట పెద్ద పిచ్చాసుపత్రిని కట్టలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోని సామాన్య వైద్యునకును, ఇల్లిల్లు తిరుగు ఆరోగ్యకార్యకర్తకును మనోవ్యాధుల గుర్తులు పోల్చుకొనుట నేర్పిరి. మూర్ఛకు, మనోవ్యాధులకు ముఖ్యముగా కావలసిన కొలదిపాటి మందులను ఆ కేంద్రములందే అందునట్లు చేసిరి. రోగి తన ఊరిలో, తన వారి నడుమనే యుండి చికిత్స పొందగలడని అందువలన తేలినది. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఈ బళ్ళారి పద్ధతియే మాదిరి యయ్యెను.

అనంతపురపు పీఠభూమి వాననీడలో నున్నది. నైరృతి మేఘములు పడమటి కనుమలలో బరువు దించుకొని ఇచటికి తేలికయై వచ్చును. ఈశాన్యపు వానలు తీరముననే చాలవరకు కురిసి, ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము. అదియును పడవలసిననాడు పడదు. బుడ్డలు విత్తి ఆకాశము చూచుచు కూర్చున్న ఇంటిలో ఆ నెలలు ఎట్లు గడచునో ఆ ఇంటి ఇల్లాలికే తెలియును. ఒక బోరు ఎండినచో ఇంకొక బోరు, దానికై మరియొక అప్పు, ఆ అప్పుకు తాకట్టు ఆమె మెడలోని బంగారము. వయసువారు కూలికై బెంగుళూరు పోగా ముసలివారును పిల్లలును మాత్రమే మిగిలిన ఊళ్ళు ఎన్నియో కలవు. 1990 దశకాంతము నుండి ఈ సీమలో ప్రాణములు తీసికొన్న రైతుల కథలు పత్రికలలో మనము చదువుచునే యున్నాము. వారి వెనుక ఇంటిలో మిగిలిపోయిన స్త్రీలను గూర్చి అంతగా చదువలేదు.

అయినను కరువే సకల మనోవ్యాధులకు మూలమని తలచుట పొరపాటు. స్కిజోఫ్రీనియా వంటి తీవ్రవ్యాధులు కాలువగట్టు కోనసీమలోను కలవు. కరువు చేయునది వేరు: ఉన్న దిగులును వ్యాధిగా ముదరజేయును, వ్యాధి యున్న ఇంటిలో మందునకు, బండిఖర్చునకు చేతిలో పైకము లేకుండ జేయును, ఓర్పును హరించును. నిద్ర పట్టకపోవుట, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి గుండె దడదడలాడుట, సంగటి ముద్ద ఎదుట పెట్టినను చేయి పోకపోవుట, ఎప్పుడును ఇష్టపడు పనిమీద విరక్తి కలుగుట, ఇవి రెండు వారములకు మించి నిలిచినచో అది సోమరితనము కాదు, కుంగుబాటు అను వ్యాధి. మగవారిలో ఇది తరచుగా కోపము రూపముననో త్రాగుడు రూపముననో కనబడును గనుక ఇంటివారు దానిని వ్యాధిగా ఎంచరు.

పూర్వము మనోరోగిని ఇంటినుండి వేరుచేయుటయే చికిత్స యని తలచెడివారు. దానిని తలక్రిందులు చేసినవారు మన దేశమునందే పుట్టిరి. 1950 దశకమున అమృతసరమున డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనికే రప్పించి, గుడారములలో రోగులతోపాటు ఉంచెను. మనకు చేరువనున్న వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారి మానసిక చికిత్సాలయమునను ఆ దశకము నుండియే ఇంటివారొకరు రోగితో కూడ ఉండుట పద్ధతి. తల్లియో, భార్యయో అచట వండిపెట్టుచు, నర్సులు రోగితో ఎట్లు మాటలాడుదురో చూచి నేర్చుకొనును. మందు సగము పని చేయును, తక్కిన సగము చుట్టునున్న మనుష్యులును గాలియును వెలుతురును చేయునని నేటి నర్సులకు నేర్పుదురు. అట్టి పరిసరములను కల్పించుట నర్సు విద్యలో నొక ముఖ్యభాగము. మన ఇండ్లలో ఆ నర్సు ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు.

లండనునగరమున జార్జి బ్రౌన్ అను పరిశోధకుడును అతని సహచరులును ఆసుపత్రినుండి ఇల్లు చేరిన రోగులను గమనించిరి. ఇంటివారు మాటిమాటికి తప్పులెన్నుచు, కసరుచు, లేక క్షణము విడువక అతిగా కంగారుపడుచు ఉన్న ఇండ్లలో రోగము తిరుగబెట్టుట ఎక్కువ యని వారు కనుగొనిరి. అటుపిమ్మట 1980 దశకమున చండీగఢ్‌లో ఇట్లే పరిశీలింపగా, అచటి కుటుంబములలో ఇట్టి కసరుబాటు లండనులోకంటె చాల తక్కువగా కనబడెను. ఇది మనకు సంతోషము కలిగించు మాటయే; కాని కరువుకాలమున ఈ మంచిగుణము నిలుచుట కష్టము. చేతిలో కాసు లేనప్పుడు "తిని కూర్చున్నాడు" అను మాట ఎంత సులభముగా నోటికి వచ్చును!

కావున ఇంటి పరిచర్యలో మొదటిది మాట. చెవిలో ఎవరో తిట్టుచున్నారని రోగి చెప్పినచో "అదంతా నీ భ్రమ" యని వాదింపరాదు. "అవును, నాకును వినబడుచున్నది" అని కపటముగా ఒప్పుకొనను రాదు. "నాకు వినబడుట లేదు గాని, నీకు ఎంత భయముగా నున్నదో నాకు తెలియుచున్నది" అనవలయును. ఒకేసారి పది పనులు చెప్పక, చిన్నపని యొకటి చెప్పవలయును: కాయలు ఒలుచుట, మేకను కట్టివేయుట, దొడ్డి ఊడ్చుట. పని పూర్తియైనచో ఒక మంచిమాట. స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వేళకు జరుగునట్లు చూచుట మందువలెనే పనిచేయును. దీపములార్పి, టెలివిజను ఆపి, రాత్రి పదిగంటలకు ఇల్లు సద్దుమణగిన చాలును, అదియే గొప్ప చికిత్సాలయము.

మందుల విషయమున కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనవలయును. కుంగుబాటునకిచ్చు మందులు వేసికొన్ననాడే ఫలమియ్యవు. రెండు మూడు వారములు పట్టును. ఈలోపల "గుణము లేదు" అని మానినవారే యెక్కువ. గుణము కలిగిన పిదప తమంతట తాము మానుటయు అంతే కీడు. కొన్ని మందులవలనను సూదులవలనను ఒక్కొక్కప్పుడు మెడ ప్రక్కకు తిరిగి, నాలుక వెలికివచ్చి, కనుగ్రుడ్లు పైకి నిలిచిపోవును. చూచువారు దయ్యము పట్టినదని భయపడి మంత్రగానియొద్దకు పరుగెత్తుదురు. అది మందు చేసిన వికారము. ఆసుపత్రికి తీసికొనిపోయి విరుగుడు సూది వేయించినచో కొద్దిసేపటిలోనే సర్దుకొనును.

మన సీమలో అన్నిటికన్న ముఖ్యమైనది లిథియం సంగతి. ఒకప్పుడు ఉద్రేకము, ఒకప్పుడు విషాదము కలుగు వ్యాధికి ఈ మందు చిరకాలముగా వాడుకలో నున్నది. ఇది యొక లవణము. దేహములో నీరు తగ్గినచో రక్తమున దీని పాలు పెరిగి విషమగును. అనంతపురపు ఎండలో చేను దున్ని వచ్చినవానికి, విరేచనములు పట్టుకొన్నవానికి, నీళ్ళ ట్యాంకరు రాక రెండు బిందెలతో ఇల్లంతయు సరిపుచ్చుకొను రోజులలో ఈ అపాయము కలుగవచ్చును. చేతులు బాగుగా వణకుట, నడక తూలుట, మాట ముద్దగా వచ్చుట, వాంతులు అగుట చూచినచో మందు ఆపి వెంటనే వైద్యుని కడకు పోవలయును. బిందెలో నీరు పంచునప్పుడు లిథియం వాడువారి వంతు మొదట తీసి యుంచుడు. వారికి ఉప్పును మాన్పింపరాదు. వైద్యుడు చెప్పినప్పుడెల్ల రక్తపరీక్ష తప్పక చేయింపవలయును. ఒంటినొప్పులకు అంగడిలో కొన్న మాత్రలలో కొన్ని ఈ మందుతో పొసగవు, అడిగి వాడవలయును.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. చావవలెనని తలంపు కలుగుచున్నదా యని అడిగినచో ఆ తలంపును మనమే పుట్టించినవారమగుదుమని చాలమంది జంకుదురు. అట్లు జరుగదు. సూటిగా, మెల్లగా అడిగినచో మనస్సు భారము కొంత దిగును. "నేను లేకున్న మీరు సుఖపడుదురు" అనువానిని ఒంటరిగా విడువక ఆనాడే వైద్యునకు చూపవలయును. పురుగుమందు డబ్బాను మంచము క్రింద నుండి తీసి, పెట్టెలో పెట్టి తాళమువేసి, ఆ తాళపుచెవి పొరుగింటిలో నుంచుట మేలు. వాడగా మిగిలినది దాచుకొనవద్దు. ఇది సామాన్యమైన జాగ్రత్త కాదు: శ్రీలంకలో ఘోరమైన పురుగుమందులను నిషేధించిన తరువాత ఆత్మహత్యలు సగమునకు పైగా తగ్గినవి. ఆ క్షణము గడచినచో మనిషి బ్రతుకును.

పోలీసులు పట్టుదురను భయముతో ఇట్టి యత్నములను కడుపునొప్పి యని దాచు కుటుంబములు కలవు. వైద్యునకు నిజము తెలియకపోయిన ప్రాణము పోవును. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివారిని తీవ్రమైన వ్యధలో నున్నవారిగా భావింపవలెనే గాని శిక్షింపరాదని చెప్పుచున్నది. ఆ చట్టమే రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడియున్న ఇరువదియైదుమందికి పైగా మనోరోగులు కదలలేక దగ్ధమైరి. దేవుని సన్నిధిని నిద్రచేయుటవలన మనస్సునకు ఊరట కలిగినచో చేయనిండు. అచట కట్టివేయుటకు మాత్రము ఒప్పుకొనవద్దు, మందులును మానవద్దు.

పరిచర్య చేయు స్త్రీ కూడ మనిషియే. రాత్రులు నిద్రలేక, పగలు కూలికి పోయి, ఇరుగుపొరుగుల మాటలు పడి, ఆమెయే మంచమెక్కుట మనము చూచినదే. వారమున ఒక పూట అత్తగారో, మరదియో, ఆడుబిడ్డయో రోగి కడ కూర్చుండునట్లు ముందుగానే ఒప్పందము చేసికొనవలయును. ఇది అడుగుట సిగ్గు కాదు. పొదుపుసంఘపు సమావేశములో అప్పు కంతుల లెక్క అయిన తరువాత ఈ మాటయు ఎత్తవచ్చును. అదే బాధగల ఇల్లు మరొకటి అదే వీధిలో నుండవచ్చును. ఊరి ఆశా కార్యకర్త నడిగిన ఆసుపత్రి దారి చెప్పును. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ అను ఫోను సహాయము 14416 నంబరున ఉచితముగా లభించును, తెలుగులోనే మాటలాడవచ్చును. పేరు చెప్పనక్కరలేదు. రోగియే చేయవలెనను నియమము లేదు. రోగిని కనిపెట్టి యున్నవారును చేయవచ్చును.