ఫైటర్ చేప రెక్కలు కుళ్ళితే ఏం చేయాలి?



ఈ హాస్టల్‌లో పదో తరగతి దాకా చదువుకుని వెళ్ళిన మేము ముగ్గురం ఇప్పుడు యూనివర్సిటీలో ఒకే గదిలో ఉంటూ పీజీ చేస్తున్నాం. కిందటిసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు కిటికీలో ఒక హార్లిక్స్ సీసా, అందులో నీలిరంగు ఫైటర్ చేప కనిపించాయి. దాని తోక అంచులు గుడ్డ పీలికల్లా వేలాడుతున్నాయి. "ఏం మందు వెయ్యాలన్నా?" అని అడిగారు తమ్ముళ్ళు. బస్సు వేళ అయిపోయి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాం. ఆ జవాబే ఈ వ్యాసం.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ళ కిందట మేమూ ఇలాంటి చేపనే కొని సీసాలో పెట్టాం. నెల తిరగకముందే రెక్కలు కుళ్ళడం మొదలైంది. మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ గొట్టం కొని, విప్పి పొడి నీళ్ళలో కలిపాం. నీళ్ళు పచ్చబడ్డాయి. నాలుగో రోజు పొద్దున చేప తేలిపోయింది. మా డిపార్ట్‌మెంటులో మేడమ్‌గారికి చెబితే ఏం మందు వేశారని అడగలేదు. "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మార్చారు?" అని మాత్రం అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

అసలు ఈ చేప ఎక్కడిది?

ఫైటర్ చేప శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. 1910లో చార్లెస్ టేట్ రీగన్ ఈ పేరు పెట్టారు. థాయిలాండ్ దీని సొంత దేశం. అక్కడి వరిపొలాల్లో, గడ్డి పెరిగిన లోతులేని నీళ్ళలో బతుకుతుంది. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. ఒక మగచేప ఇంకో మగచేపను చూస్తే ఊరుకోదు, అందుకే ఒక్కదాన్నే పెంచాలి.

నిలవ నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి దీని తలలో మొప్పలకు పైన లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. మన కొర్రమీను పైకి వచ్చి గాలి మింగినట్టే ఇదీ నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. ఇక్కడే అందరం పొరబడుతున్నాం. గాలి పీల్చగలదు కదా, సీసాలోనైనా బతుకుతుంది అనుకుంటాం. లాబిరింత్ దాన్ని ఆక్సిజన్ కొరత నుంచి కాపాడుతుంది గాని, దాని సొంత మురికి నుంచి కాపాడలేదు. చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మలం, తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే తయారవుతుంది. వరిపొలంలో అది ఎన్నో నీళ్ళలో కలిసిపోతుంది. లీటరు సీసాలో ఎక్కడికి పోతుంది?

రెక్కలు ఎందుకు కుళ్ళుతాయి?

జీవశాస్త్రం పుస్తకంలో వాజాలు అని చదువుకున్నవే ఈ రెక్కలు. ఏరోమోనాస్, సూడోమోనాస్ వంటి బాక్టీరియా నీళ్ళలో ఎప్పుడూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న చేపను అవి ఏమీ చేయలేవు. అమ్మోనియా వల్ల చర్మం మీది జిగురుపొర, మొప్పలు దెబ్బతిని, చలికి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు రెక్కల అంచుల నుంచి తినడం మొదలుపెడతాయి.

చిరిగిన ప్రతి రెక్కా జబ్బు కాదు. రాయికో ప్లాస్టిక్ మొక్కకో తగిలి చిరిగితే చీలిక శుభ్రంగా ఉంటుంది, పెరగదు. జబ్బయితే అంచులు నల్లగానో ఎర్రగానో తెల్లగానో మారి, రోజురోజుకూ రెక్క పొట్టిదవుతుంది. రోజూ ఒకే వేళకు ఫోన్‌లో ఫోటో తీసి పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

వైద్యం

రెండో చేపకు ఇదే జబ్బు వచ్చినప్పుడు మేము చేసింది ఇది.

1. సీసా మార్చాం. సబ్బు తగలని కొత్త ప్లాస్టిక్ టబ్బులో 15 లీటర్ల నీళ్ళు పోశాం. ఇది ఎగిరి దూకే చేప కాబట్టి పైన వల కట్టాం. మూత పెట్టేవాళ్ళు నీటికీ మూతకూ మధ్య గాలి ఉండేలా చూసుకోవాలి.

2. మొదటి వారం రోజూ 5 లీటర్ల నీళ్ళు మార్చాం. సన్నని పైపుతో అడుగున ఉన్న మురికి లాగేసి, అంతే కొత్త నీళ్ళు మెల్లగా పోయాలి. మొత్తం ఒకేసారి మారిస్తే చేప తట్టుకోలేదు. కొత్త నీళ్ళు పాత నీళ్ళంత వెచ్చగానే ఉండాలి.

3. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో మూత లేకుండా ఒక రోజు ఉంచాలి, లేదా అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు ఆ నీళ్ళు అసలు ముట్టవద్దు. శుభ్రం కదా అని ఒట్టి ఆర్వో నీళ్ళూ పోయవద్దు. చేపకు కావలసిన లవణాలు వాటిలో దాదాపు ఉండవు.

4. లీటరుకు 1 గ్రాము రాళ్ళ ఉప్పు వాడాం. పొడి ఉప్పులో గడ్డకట్టకుండా వేరే పదార్థాలు కలుపుతారు కాబట్టి రాళ్ళ ఉప్పే మేలు. 15 లీటర్లకు 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీ చెంచాలు. వేరే గ్లాసులో కరిగించి కొద్దికొద్దిగా పోయాలి. 5 లీటర్లు మార్చినప్పుడు 5 గ్రాములే కలపాలి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, ఇగిరిన మేరకు నింపే నీళ్ళలో ఉప్పు వేయకూడదు. పది రోజుల తర్వాత ఆపేయాలి.

5. నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. చలికాలం రాత్రుళ్ళు కిటికీలో పెట్టకూడదు. చిన్న పాత్రలో నీళ్ళు త్వరగా చల్లబడతాయి.

6. రెండు నిమిషాల్లో తినేసేంత మేత, రోజుకు రెండుసార్లు. మిగిలింది తీసేయాలి.

మన హాస్టల్ ఆవరణలో బాదం చెట్టు ఉంది కదా, దాని ఎండుటాకు కూడా పనికొస్తుంది. ఆగ్నేయాసియాలో ఈ చేపలు పెంచేవాళ్ళు దాన్ని నీళ్ళలో వేస్తారు. అందులోని టానిన్లు నీళ్ళను టీ రంగులోకి మార్చి, కాస్త ఆమ్లగుణం ఇస్తాయి. రాలిన ఆకును కడిగి, టబ్బుకు ఒకటి వేస్తే చాలు. ఇది సాయం మాత్రమే, నీళ్ళు మార్చడానికి బదులు కాదు.

యాంటీబయాటిక్ సంగతి

మురికి నీళ్ళలో యాంటీబయాటిక్ వేస్తే చేపను బలహీనపరిచిన కారణం అలాగే ఉంటుంది. పైగా టబ్బు గోడల మీద, స్పాంజి ఫిల్టర్‌లో పెరిగి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే మంచి బాక్టీరియా కూడా చస్తుంది. అరకొర మోతాదు వల్ల మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది. కుళ్ళు రెక్క మొదలు దాటి ఒంటి దాకా వస్తే, చేప మేత మానేస్తే, అప్పుడు పశువైద్యుణ్ణో మత్స్యశాస్త్రం చదివినవాళ్ళనో అడిగే మందు వాడాలి.

మనకు తెలియని సంగతేం కాదిది. హాస్టల్‌లో ఒకరికి గజ్జి వస్తే ఏం జరిగేది? మందు రాసుకుని మళ్ళీ అదే చాప మీద, అదే దుప్పటి కింద పడుకునేవాళ్ళం. పది రోజులకు మళ్ళీ గోకుడే. గదిలో అందరం ఒకేరోజు మందు రాసుకుని, దుప్పట్లన్నీ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేసిన ఏడాదే అది పోయింది. మా మొదటి చేప విషయంలో ఈ సంగతి ఎందుకు తట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటాం.

రెండో చేపకు తొమ్మిదో రోజున రెక్క అంచు చుట్టూ పల్చని, అద్దంలాంటి పొర కనిపించింది. కొత్త రెక్క అలాగే మొలుస్తుంది, రంగు తర్వాత ఎక్కుతుంది. పూర్తిగా పెరగడానికి రెండు నెలలు పట్టింది.

తమ్ముళ్ళూ, ఈ పత్రిక చేతికందిన సాయంత్రమే ఒక బకెట్ నీళ్ళు పట్టి మూత లేకుండా పెట్టండి. మర్నాటికి వాడుకోవచ్చు. మళ్ళీ మేము వచ్చేసరికి ఆ కిటికీలో సీసా బదులు గదిలో ఒక టబ్బు కనిపిస్తే, రాసింది దండగ కాలేదనుకుంటాం.