కెర్లీ రేఖలు: ఊపిరితిత్తుల్లో కనిపించే గుండె జబ్బు

ఛాతీ ఎక్స్‌రేలో గుండె జబ్బు తెలుస్తుందా అన్న పాఠకుల ప్రశ్నకు జవాబు తరచూ గుండె పరిమాణం దగ్గరే ఆగిపోతుంది. గుండె నీడ వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగాన్ని మించితే గుండె పెరిగినట్టు లెక్క. అయితే రోగిని పడుకోబెట్టి తీసిన ఫిల్ములో మామూలు గుండె కూడా పెద్దదిగానే కనిపిస్తుంది. అంతకంటే విలువైన ఆధారం ఊపిరితిత్తుల కింది అంచుల్లో దొరుకుతుంది.

అక్కడ, పక్కటెముకల వైపు నుంచి లోపలికి అడ్డంగా, మిల్లీమీటరు మందం కూడా లేకుండా ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున సాగే తెల్లని గీతలను కెర్లీ బి రేఖలంటారు. ఐరిష్ రేడియాలజిస్టు పీటర్ కెర్లీ 1933లో వీటిని వర్ణిస్తూ, ఇవి ఉబ్బిన లసిక నాళాలని, అంటే కణజాలంలో మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలని భావించారు. ఆ ఊహ సరికాదు. మరణానంతరం సేకరించిన ఊపిరితిత్తులను ఎక్స్‌రేలతో పోల్చి చూసినప్పుడు, అవి ఊపిరితిత్తిని చిన్న చిన్న గదులుగా విభజించే పొరలేననీ, నీరు చేరి మందమెక్కడం వల్లనే ఫిల్ముపై కనిపిస్తున్నాయనీ తేలింది.

ఆ నీరు చేరే తీరు అద్భుతమైనది. ఎడమ గుండె రక్తాన్ని ముందుకు నెట్టలేకపోయినా, గుండె ఎడమ వైపు గదుల మధ్య ఉండే మిట్రల్ కవాటం ఇరుకైనా, వాటిలో పై గదైన ఎడమ కర్ణికలో పెరిగిన పీడనం అడ్డుకునే కవాటాలు లేని పుపుస (ఊపిరితిత్తుల) సిరల గుండా వెనక్కి, సూక్ష్మ రక్తనాళాల దాకా పాకుతుంది. రక్తపీడనం నీటిని బయటికి తోస్తే రక్తంలోని ప్రొటీన్లు దాన్ని లోపలే పట్టి ఉంచుతాయని ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించారు. మామూలుగా సుమారు 8–12 మి.మీ. పాదరసంగా ఉండే ఎడమ కర్ణిక పీడనం 18 దాటేసరికి బయటపడే నీటిని లసిక నాళాలు తోడిపోయలేవు. పొరలు ఉబ్బుతాయి, గీతలు కనబడతాయి. 25 దాటితే నీరు గాలి గదుల్లోకే దిగి ఊపిరాడదు. కనుక ఈ రేఖలు రాబోయే ప్రమాదానికి ముందు మెట్టు. గురుత్వాకర్షణ వల్ల కింది భాగాల్లో పీడనం ఎక్కువ, అందుకే అవి అక్కడ ముందుగా తేలుతాయి. కీళ్లవాత జ్వరంతో మిట్రల్ కవాటం ఏళ్ల తరబడి ఇరుకై ఉన్నవారిలో పొరలు గట్టిపడి, నీరు తగ్గాక కూడా గీతలు మిగిలిపోవచ్చు.

ఇంత చెప్పగల ఫిల్మును గుండె పరిమాణం మాత్రమే చూసి పక్కన పెట్టేయడం విచారకరం. అయితే ఊపిరితిత్తులకు వ్యాపించిన క్యాన్సర్‌లోనూ ఇలాంటి గీతలే రావచ్చు. పైగా గుండె ధమనుల్లోని పూడికలను మామూలు ఎక్స్‌రే చూపలేదు. అందుచేత ఆయాసం, కాళ్ల వాపు ఉన్నవారు ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఆగిపోక, ఈసీజీ, ఎకో పరీక్షల గురించి వైద్యుణ్ణి తప్పక అడగాలి.