భూర్జపత్రముపై భూపటములు

తరగతి గది గోడకు వ్రేలాడు ఉత్తర అమెరికా పటమును విద్యార్థులందరును చూచియే యుందురు. నదులకు నీలివన్నె, పర్వతములకు గోధుమవన్నె, రాష్ట్రములకు సరళరేఖల సరిహద్దులు. ఆ పటము ఐరోపా నావికుల సాహసము వలనను, వారి పరికరముల వలనను పుట్టినదని పాఠములు చెప్పుచుండును. అది సగము సత్యము మాత్రమే. ఆ నదులను, సరస్సులను తెల్లవారికంటె ముందు కాలినడకను, పడవలమీదను తిరిగి యెరిగి, అడిగినవారికి గీచి చూపిన జనులు వేరే కలరు. వారిలో అల్గాంక్వియన్ జాతులవారు ముఖ్యులు.

అల్గాంక్వియన్ అనునది ఒక తెగ పేరు కాదు; ఒక భాషాకుటుంబము పేరు. మన ద్రావిడ భాషలవలె ఒకే మూలమునుండి చీలిన పెక్కు భాషలు మాటలాడు జనులందరికిని అది వర్తించును. అట్లాంటిక్ తీరమున పౌహటనులు, అబెనాకీలు, మహాసరస్సుల చెంత ఓజిబ్వేలు, ఉత్తరమున క్రీలు, పడమట రాకీ పర్వతముల చేరువ మైదానములలో బ్లాక్‌ఫుట్ జాతివారు, వీరందరును ఆ కుటుంబమునకు చెందినవారే.

1605వ సంవత్సరమున ఫ్రెంచి నావికుడు షాంప్లేన్ నేటి మసాచుసెట్స్ తీరమందలి కేప్ ఆన్ అను భూశిరమును చేరెను. అచటివారి భాష ఆయనకు రాదు. తామున్న తీరమును ఆయన బొగ్గుతో గీచి చూపగా, వారు ఆ బొగ్గునే అందుకొని, ఆవలనున్న మరియొక పెద్ద అఖాతమును గీచిరి. ఒక నదిని చూపిరి. ఆరు గులకరాళ్లను సమానమైన ఎడములతో పేర్చిరి. ఆ తీరమున ఆరుగురు నాయకులును, ఆరు తెగలును కలవని దాని భావము. షాంప్లేన్ గీచినది తీరరేఖ మాత్రమే. వారు దానిపై మనుష్యులను నిలిపిరి.

1607 మే నెలలో వర్జీనియా యందు ఆంగ్లేయులు జేమ్స్ నదిపై ఎగువకు పోవుచుండ, అచటివాడొకడు వారి యుద్దేశమును గ్రహించి, కాలితో నేలపై నదిని గీచి చూపబోయెను. వారు కలమును, కాగితమును ఇచ్చి, వాటిని వాడు తీరు తెలుపగా, అతడు నదీముఖమందలి అఖాతము మొదలుకొని పడవలు పోగలిగినంత దూరము నదినంతను కాగితముపై దింపెను.

ఆ సంవత్సరమే చలికాలమున జాన్ స్మిత్ అను ఆంగ్లేయుడు పౌహటనులకు బందీ అయ్యెను. మూడు దినములు జరిగిన క్రతువొకదానిని ఆయన వర్ణించియున్నాడు. పూజారులు నిప్పుచుట్టును మొక్కజొన్నపిండితో ముగ్గువలె వలయము తీర్చిరి. దాని చుట్టును మొక్కజొన్నగింజల వలయములు పేర్చిరి. నడుమనడుమ చిన్నపుల్లలు పెట్టిరి. పిండివలయము తమ దేశము, గింజలు సముద్రపు హద్దులు, పుల్లలు స్మిత్ దేశము అని వారు వివరించిరట. ఎవడీ క్రొత్తవాడు, ఇతనికి లోకములో చోటెక్కడ అను ప్రశ్నకు వారు పటముతోనే సమాధానము వెదకిరి.

1612లో ఆక్స్‌ఫర్డునందు స్మిత్ ప్రకటించిన వర్జీనియా పటము దశాబ్దులపాటు ప్రమాణముగా నిలిచెను. అందు నదులపై అచ్చటచ్చట చిన్న శిలువగుర్తులు కనుపించును. గుర్తు వరకు ఆంగ్లేయులు స్వయముగా కన్నది. గుర్తునకు ఆవల స్థానికులు చెప్పగా విన్నది. తన పటములో పరుల పాలెంతయో స్మిత్ దాచలేదు.

ఈశాన్యపు అడవులలో పటమునకు ఆధారము భూర్జవృక్షపు పట్ట. కాశ్మీరమున మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రము ఈ జాతి చెట్టుదే. 1841లో ఒటావా నదికిని, హ్యూరన్ సరస్సునకును నడుమనున్న మిట్టపై, చెట్టునకు తగిలించిన అట్టి పట్ట యొకటి బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు కంటబడెను. వెనుక వచ్చు తమవారికి దారి తెలుపుటకై ముందుపోయిన స్థానికులు దానిని గీచి విడిచిరి. నేడది లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. అబెనాకీ భాషలో ‘అవిఖిగన్’ అను నొక్క మాటయే లేఖకును, పుస్తకమునకును, పటమునకును పేరు. తెలుగువారికి ఇందు వింత తోచనక్కరలేదు. మనమును అక్షరమును ‘వ్రాసితిమి’ అందుము; బొమ్మను ‘వ్రాసితిమి’ అనియు అందుము.

ఈ పటములలో కొలబద్ద లేదు. దూరమును దినములలో లెక్కించెడివారు. ఉత్తర దిక్కును ధ్రువనక్షత్రమును బట్టి నిర్ణయించి, రేవులను, నదులను, దారులను తప్పులేకుండ గుర్తింతురనియు, యుద్ధమునకో వేటకో పెద్దలు సభ తీర్చినపుడు భూర్జపటములను తప్పక సంప్రదింతురనియు ఫ్రెంచి యాత్రికుడు లాహోంతాన్ 1703లో వ్రాసెను. నది వంపులన్నియు వారికి ముఖ్యము కావు. ఏ నది ఏ నదిలో కలియును, పడవను భుజములపై మోయవలసిన చోటెది, మరునాటి మజిలీ ఎక్కడ అనునవే ముఖ్యము. తక్కినది గీచినవాని నోటిమాట పూరించును.

ఆ మాట తోడు లేనిచో ఏమగునో 1801 నాటి కథ చెప్పును. బ్లాక్‌ఫుట్ నాయకుడు అకోమొక్కి, హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగియైన పీటర్ ఫిడ్లర్ కొరకు మిసౌరీ నది ఎగువ ప్రాంతమును, రాకీ పర్వతములను గీచి యిచ్చెను. పర్వతశ్రేణి జంటగీత, ఉపనదులు దానినుండి వెడలు తిన్నని గీతలు. ఆ పటము లండను చేరెను. ఆరోస్మిత్ అను పటకారుడు 1802లో దానిని తన పటమున చేర్చెను. లూయీ, క్లార్కులు పసిఫిక్ యాత్రకు పోవునపుడు ఆ ముద్రిత పటమును సంప్రదించిరి. కాని నడకదారిని తెలుపు గీతలను అక్షాంశ రేఖాంశముల చట్రములో ఇమిడ్చినందున పొరపాట్లు దొరలెను. ఆ తప్పు గీచినవానిది కాదు, చదివినవారిది.

అంతకు మించిన అన్యాయము పిమ్మట జరిగెను. దారి చూపినవారినే దారినుండి తొలగుమనిరి. సుపీరియర్ సరస్సు ప్రాంతపు ఓజిబ్వేలు తమ భూమిలో తమ్ము నిలువనిమ్మని కోరుచు 1849లో వాషింగ్టన్ నగరమునకు భూర్జపత్రముపై ఒక విన్నపమును కొనిపోయిరి. అందు సారసపక్షి ముందు నడువ, ఎలుగు, చేప మున్నగు జంతువులు వెనుక నడచును. ఒక్కొక్క జంతువు ఒక్కొక్క గోత్రమునకు గుర్తు. అన్నింటి కన్నులనుండియు, హృదయములనుండియు గీతలు సారసమును చేరును. సారసపు కంటినుండి ఒక గీత ముందుకు, దేశాధ్యక్షుని వైపు సాగును. మరియొకటి వెనుకకు, నివ్వరివంటి అడవిధాన్యము పండు సరస్సులకు పోవును. మేమందరము ఏకహృదయులము, మా చూపు ఆ సరస్సులపై నున్నది అని దాని తాత్పర్యము. అది విన్నపమును అగును, పటమును అగును.

ఆ విన్నపమును ప్రభుత్వము లక్ష్యపెట్టలేదు. 1850లో వారిని తరలింపుమని ఆజ్ఞ వెడలెను. ఏటేట ఇయ్యవలసిన సొమ్మును సుదూరమైన శాండీ లేక్ కడ నిత్తుమని పిలిచి జాప్యము చేయగా, ఆ చలికాలమున ఆకలికి, రోగములకు, మంచునకు దాదాపు 400 మంది మరణించిరి. 1852లో తొంబదియేండ్లు పైబడిన నాయకుడు కెచెవైష్కె తానే వాషింగ్టనుకు పోయి అధ్యక్షుడు ఫిల్‌మోర్‌ను కలిసికొనెను. తరలింపు ఆజ్ఞ రద్దయ్యెను. 1854 నాటి లా పాయింట్ సంధితో వారికి ఆ సరస్సు చెంతనే కొంతభూమి స్థిరముగా దక్కెను.

మసాచుసెట్స్, మిషిగన్, మిసిసిపీ పేర్లు అల్గాంక్వియన్ భాషలవే. మిసిసిపీ యనగా మహానది. పేర్లు నిలిచినవి, పేర్లు పెట్టినవారి ఊసు పటముపై లేదు. స్మిత్ పెట్టిన శిలువగుర్తులవంటివి నేటి గోడపటములలో కానరావు. పటము ముందు నిలిచిన ఉపాధ్యాయుడు కన్నదేది, విన్నదేది, ఎవరివలన విన్నది అని తెలుపుచు, ఆ గుర్తులను నోటిమాటతోనైనను తిరిగి పెట్టవచ్చును.