గరికపచ్చిక యేల యెదుగదు?

అమ్రాబాదు పీఠభూమిపై పొడతూర్పు పశువులను పెంచు రైతునకు గరికబీడు గాదెలోని గింజలవంటిది. అది చెడినయెడల మేత కొనవలెను, లేక పశువు నమ్మవలెను. వానలు కురిసినను పచ్చిక పలుచబడి నేల బయటపడుచున్నచో, పలువురు వెంటనే యెరువు కొని చల్లుదురు. కారణ మెరుగక చల్లిన యెరువు వృథావ్యయము. ముందుగా పలుచబడినచోట నొకటి, బాగుగనున్నచోట నొకటి, జానెడేసి మట్టిపెళ్లలను పారతో దీసి ప్రక్కప్రక్కను పెట్టి పరీక్షింపవలెను.

వేళ్లు రెండంగుళములలోనే ప్రక్కకు దిరిగియున్నచో నేల గట్టిపడినదని తెలియవలెను. ఎఱ్ఱచల్క తడిగా నున్నప్పుడు గిట్టలక్రింద నణగి, యెండినపిమ్మట రాయివలె బిగియును. పదునుజూచి గడ్డపారతో జానెడున కొకచోట గ్రుచ్చి, బాగుగ మాగిన పెంటను పలుచగా చల్లవలెను. వాన వెలసిన వెంటనే పశువులను బీడులోనికి తోలరాదు.

వేళ్లు సన్నగిలి పొట్టివై, గరిక మొదలంట కొఱుకబడియున్నచో తప్పు మేపుటయందున్నది. వేరునకు ఆహారము నిచ్చునది ఆకే గదా! ఎత్తులో మూడవవంతుకంటె నెక్కువ యొకమారు పోనీయరాదు. బీడును నాలుగు భాగములుచేసి, ఒకదాని తరువాత నొకటి మేపుచు, తక్కినవాటికి విశ్రాంతి నీయవలెను.

పెళ్ల చాపవలె సులువుగా లేచివచ్చి, క్రింద తెల్లని వంకరపురుగులు కనబడినచో అవి వేళ్లను కొఱుకుచున్నవి. నేలను త్రవ్వి పురుగుల నేరివేసి, ఆ చోట తొలకరిలో గరికకణుపులను నాటవలెను.

పలుచబడినచోటు చింతనీడయో మఱ్ఱినీడయో యైనచో ఎన్నిమార్లు నాటినను ఫలముండదు. గరిక యెండను కోరు మొక్క. కొమ్మలనైన తగ్గింపవలెను, ఆ చోటునైన విడువవలెను.

వేళ్లు లోతుగ దిగియుండి, ఎండ తగులుచుండి, తేమ చాలినంత యున్నను ఆకు పాలిపోయి యున్నచో, అప్పుడు నేలకు సారము చాలలేదేమో యని యనుమానింపవలెను. మట్టిని పరీక్షకు పంపి, తేలినదానినిబట్టి యెరువు వేయవలెను.

ఇంటిముంగిటి పచ్చికకును ఈ పద్ధతియే తగును. దానికి దినదినము పైపైన నీరు చిలుకరించిన వేళ్లు పైననే నిలుచును. జానెడులోతు తడియునట్లు పెట్టి, పైమన్ను ఆరినపిమ్మటనే మరల పెట్టవలెను.

పారతో పెళ్ల దీసి చూచుటకు కాసు వ్యయములేదు. సభ్యులు ఎరువుబస్తా కొనుటకు ముందే యీ పని చేయుదురుగాక.