బాడుగ ఇంటి అపోహలు

తిరుపతిలో మంచి పోర్షను ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. యూనివర్సిటీల పిల్లలు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, రేణిగుంట ఫ్యాక్టరీల ఉద్యోగులు ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు. బైరాగిపట్టెడలో చూసినా, కొర్లగుంటలో చూసినా కింద సొంత కాపురం, పైన బాడుగ పోర్షన్లు ఉన్న మిద్దెలు కనిపిస్తాయి. ఆ బాడుగ మీదే నెల గడుపుకొనే పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లను చెడ్డ బాడుగదారుల కన్నా వీధి అరుగుల మీద చెప్పుకొనే చట్టమే ఎక్కువ దెబ్బతీస్తోందని నా నమ్మకం.

"పన్నెండేండ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుంది"

అపోహలన్నిటిలోకీ ఇదే పెద్దది. ఈ భయంతోనే, నెల తప్పకుండా బాడుగ కట్టే కుటుంబాన్ని కూడా రెండేండ్లకోసారి లేపేస్తుంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో పన్నెండేండ్ల మాట ఉన్న మాట నిజమే. అయితే అది యజమాని హక్కును ధిక్కరించి, అందరికీ తెలిసేలా ‘ఇది నాదే’ అంటూ అనుభవించేవాడికి సంబంధించినది. బాడుగ కట్టేవాడు మీ అనుమతితో ఉన్నవాడు. బాడుగకు దిగినవాడు ఆ ఇల్లు మీది కాదని వాదించడానికి సాక్ష్యాల చట్టం ఒప్పుకోదు. 1872 నాటి చట్టం స్థానంలో 2024 జులైలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ నియమం మారలేదు. ముప్పయ్యేండ్లున్నా బాడుగదారు బాడుగదారే.

జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది. నోటీసిచ్చి బాడుగ రద్దు చేశాక, దావా వేయకుండా పన్నెండేండ్లు గడిపితే గడువు దాటిపోతుంది. తామేమో అమెరికాలో ఉంటూ, చిత్తూరులో తాతల నాటి ఇంటిని ‘చూసుకోండి’ అని బంధువులకు అప్పగించి, కాగితమూ బాడుగా లేకుండా ఏండ్లు వదిలేసేవాళ్లకూ చిక్కులు రావచ్చు. కాబట్టి నెలనెలా రసీదు రాయండి. ఏ నెల బాడుగో, ఎంతో, ఎవరిచ్చారో ఉంటే చాలు. నగదు ఐదు వేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయాలి. రసీదు ఇస్తే బాడుగదారుకు హక్కు పుడుతుందని దాన్ని ఎగ్గొట్టే యజమానులున్నారు. నిజానికి అతను బాడుగదారేనని తేల్చి చెప్పే సాక్ష్యం ఆ రసీదే.

"పదకొండు నెలలు నిండగానే లేచిపోవాల్సిందే"

ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతాయి. పదకొండు నెలల లెక్క అక్కడి నుంచి వచ్చిందే. గడువు నిండాక కూడా మీరు బాడుగ పుచ్చుకుంటూ ఉంటే, సాధారణంగా అది నెలనెలా సాగే ఒప్పందమవుతుంది. దాన్ని ముగించాలంటే కనీసం పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అప్పటికీ కదలకపోతే చట్టప్రకారం పోవాలి. రాష్ట్రం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని పక్కనపెట్టి 2017లో కొత్త చట్టం చేసింది. మీ ఇంటికి ఏది ఎలా వర్తిస్తుందో వకీలును అడిగి తెలుసుకోండి.

మన వైపు ‘లీజు’ అంటే మొత్తంగా కొన్ని లక్షలు ఇచ్చి, నెల బాడుగ లేకుండా మూడేండ్లు ఉండడం కూడా. ఇంత సొమ్ము వంద రూపాయల స్టాంపు కాగితం, నోటరీ ముద్ర మీద చేతులు మారుతోంది. నోటరీ రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టరు కాని మూడేండ్ల కాగితాన్ని పట్టుకుని ఆ గడువు నిలబెట్టుకోవడం ఇద్దరికీ కష్టమే. యజమాని ఆ సొమ్మును బిడ్డ పెండ్లికి వాడేసి, గడువు నాటికి తిరిగివ్వలేక కొత్త లీజుదారుని వెతుక్కుంటూ తిరగడం నాకు బాధ కలిగించే సంగతి.

"నా ఇల్లు, తాళం వేస్తే అడిగేదెవరు?"

అడిగే చట్టం ఉంది. న్యాయప్రక్రియ లేకుండా వెళ్లగొడితే బాడుగదారులు ఆరు నెలల్లోపు కోర్టుకు పోయి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న వాదన పనికిరాదు. బాడుగ బాకీ ఉన్నవాడు కూడా ఆ కేసు గెలవగలడు. నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం లాంటి పనులను 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నేరుగా నిషేధించింది. ఇల్లు చూడ్డానికి లోపలికి పోవాలన్నా ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలంటుంది.

"సబ్ మీటరు పెట్టి యూనిట్‌కింత అంటే సరిపోతుంది"

లెక్క వేసి చూడండి. 2022 నాటి ఇంటి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. మూడు పోర్షన్లు తలా వంద యూనిట్లు కాల్చాయనుకుందాం. మూడింటికీ వేర్వేరు మీటర్లుంటే యూనిట్ల చార్జీ ఒక్కొక్కరికి దాదాపు 305, మొత్తం 914 రూపాయలు. అదే మూడు వందల యూనిట్లు ఒకే మీటరులో తిరిగితే 1,673 రూపాయలు. తప్పు ఎవరిదీ కాకుండానే నెలనెలా గొడవ మొదలయ్యేది ఇక్కడే. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పోర్షనుకో మీటరు వేయించుకుంటే ఆ తగవు తీరుతుంది.

"ఎవరైతేనేం, బాడుగ వస్తే చాలు"

2013 అక్టోబరులో పుత్తూరులో ఓ బాడుగ ఇంట్లో దాక్కున్న ఉగ్రవాద కేసుల నిందితులను తమిళనాడు, మన పోలీసులు కలిసి చుట్టుముట్టి పట్టుకున్నారు. ఆధార్ నకలు, పనిచేసే చోటు, సొంతూరు అడిగి రాసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. అయితే వివరాలడగడం వేరు, కులమడిగి పంపేయడం వేరు. రెండోదాన్ని నేను సమర్థించలేను.

"పోయేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెల బాడుగ పట్టుకోవచ్చు"

ఒప్పందంలో ముందే రాసుకుంటే తప్ప అది యజమాని హక్కు కాదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు బాడుగదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. ఎండకు వెలిసిన రంగు అరుగుదల. గోడలో డ్రిల్లింగు వేసి పెచ్చులూడగొడితే అది నష్టం. చేరే రోజున ఇద్దరూ కలిసి గదిగదీ తిరిగి, గోడలు, కొళాయిలు, స్విచ్‌బోర్డులు ఫోన్లో ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకోండి. ఖాళీ చేసే రోజున అవే ఫొటోలు ముందు పెట్టుకుని లెక్క చూసి, మిగిలిన అడ్వాన్సు తాళాలు తీసుకునేటప్పుడే ఇచ్చేయండి.