విప్పదగిన బ్యాటరీ: లిథియం అయాన్ రీసైక్లింగ్‌లో రూపకల్పన ప్రాధాన్యం

దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ కూడలికి చేరే రహదారి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల రైతులకు చిరపరిచితం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు నగర శివార్లకు తరలిపోయే వరకు బత్తాయి, మామిడి లోడులు వచ్చినది ఈ దారినే. ఆ రైతు ఇంట నేడు లిథియం అయాన్ బ్యాటరీ రెండు మూడు రూపాలలో ఉండడం అరుదు కాదు: చేతిఫోను, విద్యుత్ స్కూటరు, వీపున మోసే స్ప్రేయరు. మందు చల్లే డ్రోన్లు కూడా ఈ జాతి బ్యాటరీలతోనే ఎగురుతున్నాయి. ఇవి పాడైన తరువాత వాటిలోని లోహాలను తిరిగి రాబట్టే ఖర్చు రీసైక్లింగ్ కర్మాగారంలో కంటే ముందుగా, బ్యాటరీకి రూపకల్పన జరిగిన నాడే చాలావరకు నిర్ణయమైపోతుంది. ఈ వ్యాసం వివరించదలచినది ఆ సంబంధాన్నే.

ట్రాక్టరు బ్యాటరీతో పోల్చి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. పాత సీసపు బ్యాటరీని దుకాణంలో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గుతుందని ప్రతి రైతుకూ తెలుసు. ఏ సంస్థ తయారుచేసినా దాని నిర్మాణం ఒక్కటే: ప్లాస్టిక్ పెట్టె, సీసపు పలకలు, ఆమ్లం. పగులగొట్టి నీటిలో వేస్తే ప్లాస్టిక్ తేలుతుంది, సీసం మునుగుతుంది. ఆ పని అన్నిచోట్లా శుభ్రంగా జరుగుతోందని కాదు. గిట్టుబాటు కావడానికి మాత్రం నిర్మాణంలోని ఏకరూపతే కారణం.

లిథియం అయాన్ బ్యాటరీకి ఆ సౌలభ్యం లేదు. సెల్లు లోపల రాగి రేకుపై గ్రాఫైట్ పూత, అల్యూమినియం రేకుపై లిథియం సమ్మేళనపు పూత, నడుమ పలుచని ప్లాస్టిక్ పొర చుట్టలుగానో మడతలుగానో ఇమిడి ఉంటాయి. అల్యూమినియంపై పూతను పట్టి ఉంచే బంధకం సాధారణంగా పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ పాలిమర్. అది నీటిలో కరగదు. కరిగించేందుకు వాడే ఎన్‌ఎంపీ ద్రావణి పునరుత్పత్తి ఆరోగ్యానికి హానికరం. విద్యుద్విశ్లేష్యంలోని లిథియం లవణం తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఇన్ని సెల్లులను నికెల్ పట్టీలతో వెల్డింగు చేసి, జిగురుతోనో నురుగుతోనో బిగించి ప్యాకుగా అమ్ముతారు. దానిని విప్పడం కంటే నలగగొట్టడమే చౌక. నలిగిన తరువాత అన్నీ కలిసి నల్లపొడిగా మారుతాయి. విడిగా ఉన్న పదార్థాలను మనమే కలిపి, మళ్లీ ఆమ్లాలతో విడదీయవలసి వస్తుంది.

ఈ విడదీసే విద్యలో హైదరాబాదు వెనుకబడి లేదు. ఎల్బీనగర్‌కు ఉత్తరాన, ఉప్పల్ దాటిన తరువాత వచ్చే చర్లపల్లిలోని సీ-మెట్ సంస్థ తన ఈ-వ్యర్థాల కేంద్రంలో ఒక ప్రక్రియను అభివృద్ధి చేసి, 2023లో 9 సంస్థలకు బదిలీ చేసింది. పొడిని ఆమ్లంలో కరిగించి, ద్రావణి నిష్కర్షణ ద్వారా లిథియం, కోబాల్ట్, మాంగనీస్, నికెల్‌లను 95 శాతానికి పైగా రాబట్టవచ్చునని ప్రకటించారు.

రసాయన శాస్త్రం చేయగలిగిన పనికి మార్కెట్టు ధర చెల్లిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఫోన్లలో వాడే లిథియం కోబాల్ట్ ఆక్సైడు కిలోలో దాదాపు 600 గ్రాముల కోబాల్ట్ ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు కిలోలో లిథియం 44 గ్రాములే. మిగిలినది చౌకైన ఇనుము, ఫాస్ఫేటు. ఈ రెండవ పదార్థం సురక్షితం, దీర్ఘాయువు కలది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ దీని తయారీకి స్వదేశీ పద్ధతిని రూపొందించింది. పొలం పనిముట్లకు తగినదీ ఇదే. అయితే దీనిని కరిగించి లోహాలు తీయడం లాభసాటి కాదు కనుక, స్ఫటిక నిర్మాణం చెడకుండా పూతను ఊడదీసి, తరిగిన లిథియాన్ని తిరిగి చేర్చే ప్రత్యక్ష పద్ధతి మేలు. అందుకు సెల్లు నలగకుండా చేతికి రావాలి.

రూపకల్పన ప్రాముఖ్యం ఇక్కడే స్పష్టమవుతుంది. వెల్డింగుకు బదులు మరలు, శాశ్వత జిగురుకు బదులు వేడికి వదిలే జిగురు, ప్యాకుపై రసాయన రకం తెలిపే గుర్తు: వీటిలో అసాధ్యమైనది ఏదీ లేదు. గ్రాఫైట్ వైపు నీటిలో కరిగే సెల్యులోజ్ బంధకం ఇప్పటికే వాడుకలో ఉంది. రెండవ వైపుకూ దానిని విస్తరించడమే పరిశోధకుల ముందున్న పని. పరిశ్రమ మాత్రం కొంతవరకు ఎదురు దిశలో నడుస్తోంది. కార్లలో సెల్లులను నేరుగా ప్యాకులోనే అతికించే విధానం బరువును తగ్గిస్తుంది, విప్పడాన్ని కష్టం చేస్తుంది. స్ప్రేయరుకు ఆ సాకు కూడా చెల్లదు. మందునీరు, దుమ్ము, కుదుపులు తట్టుకోవాలన్నది నిజమే. రబ్బరు వలయం వేసి మరలతో బిగించిన మూత ఆ పని చేయగలదు.

చట్టం కొంత ఒత్తిడి తెచ్చింది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపైన, దిగుమతిదారులపైన ఉంచాయి. పూడ్చడాన్ని, కాల్చడాన్ని నిషేధించాయి. ఐరోపా సమాఖ్య 2023 నియమావళి మరొక అడుగు వేసి, 2027 ఫిబ్రవరి నుండి చిన్న పరికరాల బ్యాటరీలను వాడకందారే తీయగలిగేలా ఉండాలని నిర్దేశించింది. మన నియమాలలో అటువంటి స్పష్టమైన షరతు ఉండి ఉంటే దిల్‌సుఖ్‌నగర్ మరమ్మతు బల్లపై పని మరింత సురక్షితమయ్యేది.

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు రాయితీ స్ప్రేయర్ల సాంకేతిక నిర్దేశాలలో మూడు అంశాలు చేర్చమని సూచించవచ్చు: ప్యాకు మరలతో తెరుచుకోవడం, దానిపై రసాయన రకం ముద్రించి ఉండడం, పాతదానిని విక్రేతే వెనక్కు తీసుకోవడం. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగుకు పెట్టరాదని, పొడవరాదని, పెంటకుప్పలో వేయరాదని కొనే రోజునే రైతుకు చెప్పాలి.